ఒంటిచేతి కోటు

పెద్ద టైలరు ఏడాదికొక్కసారి ఆ ప్రశ్న అడిగేవాడు. తొలి వాన పడి, తడిసిన మట్టి వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చిందంటే చాలు, మంచం మీద లేచి కూర్చుని, కోడలి అడుగుల చప్పుడు ఎటు వినిపిస్తే అటు మొహం తిప్పి, "అమ్మాయ్, తెల్లది పూసిందా?" అనేవాడు.

"ఇంకా లేదు మామయ్యా."

"పూస్తుందిలే. అదీ మీ అత్తలాంటిదే. పిలిస్తే రాదు, మన పనిలో మనం పడ్డాక వస్తుంది."

ఆయనకు చూపు మందగించి నాలుగేళ్లయింది. వెలుగూ నీడా తెలుస్తాయి. నలుపు మీద తెలుపు పెడితే తెలుస్తుంది. అంతకు మించి లేదు. అందువల్ల బాల్కనీ కుండీల్లో ఏమున్నాయో ఆయనకు తెలియదు. కోడలికి తెలుసు. అందులో ఉన్నవి ఎర్ర లిల్లీలు, ఏ వీధిలో చూసినా నాలుగిళ్లలో కనిపించే మామూలు ఎర్ర లిల్లీలు. తెల్లది ఆ ఇంట్లో లేనే లేదు. పూయలేదన్నంత వరకు నిజం చెప్పి, మిగతాది రెండేళ్లుగా మింగేస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన "తెల్లది" అనగానే ఆమె వెళ్లి కుండీలకు అడ్డంగా నిలబడేది. చూపు లేని మనిషికి అడ్డం నిలబడి ఏం లాభమో ఆమెకే తెలియాలి.

తెల్లదాని సంగతి తెలియాలంటే అత్తగారి తోట సంగతి తెలియాలి.

పాత ఇల్లు వాళ్ల సొంతం కాదు, అద్దెది. ముందు గదిలో కుట్టు మిషన్లు, వెనక రెండు గదుల్లో సంసారం, ఆ వెనక పెరడు. పెరడంటే తిన్నగా నాలుగు మూలలున్న పెరడు కాదు. ఎడమ వైపు గోడ పైకి ఎగదన్నినట్టు, కుడి వైపు గోడ కిందికి జారినట్టు ఉండేవి. పక్కింటివాళ్ల నీళ్లతొట్టి ఒక చోట లోపలికి గుండ్రంగా చొచ్చుకొచ్చేది. వెనక గేటు వైపు సన్నటి సందొకటి చెయ్యి చాపినట్టు పోయేది. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు దాన్ని చూసి, "ఇక్కడ బట్టలారేసుకోడానికి కూడా తిన్నగా తాడు కట్టలేం అత్తయ్యా!" అంది.

"ఒళ్లు వంకరగా ఉంటే తప్పు ఒంటిది కాదమ్మా. కొలత తీయడం రానివాడిది," అంది అత్తగారు.

ఆవిడకు అక్షరం ముక్క రాదు. టేపు మీది అంకెలు మాత్రం టైలరుతో కాపురం నేర్పింది. తోటను ఆ టేపుతోనే పెంచింది. బంతినారు వేసినా, గులాబి కొమ్మ పాతినా మెడలో టేపుండాల్సిందే. గోడ వెంట చేమంతుల వరసకు ఆవిడ పెట్టిన పేరు అంచు. నీళ్లతొట్టి వంపు చుట్టూ బంతిపూలున్న చోటు మెడ. వంటింటి కిటికీ కింద మల్లెపాదు జేబు, కిటికీలోంచి చెయ్యి పెడితే అందుతుంది కనక. నందివర్ధనాలున్న సందు చెయ్యి. "మెడ కింద కలుపు తీశావా? చేతికి నీళ్లు పెట్టావా?" అని ఆవిడ పెరట్లోంచి కేకలేస్తుంటే, ముందు గదిలో కొలతలిస్తున్న కొత్తవాళ్లు తమ మెడలూ చేతులూ చూసుకునేవాళ్లు.

ఇస్త్రీపెట్టెలో మిగిలిన బూడిద గులాబీలకు పోయేది. కత్తిరించగా మిగిలిన బట్ట అంచులు తీగలకు కట్లయ్యేవి. తల బరువుకు వాలిపోయే డేలియాలకు విరిగిన కొలబద్దలు ఊతం. ఇదంతా చేస్తూనే ఆవిడ రోజుకు పాతిక చొక్కాలకు కాజాలు కుట్టేది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెరట్లో ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఇవాళ పద్నాలుగు గులాబీలు, రెండు రేపటికి," అని లెక్క చెప్పేది. ఎవరూ అడగకపోయినా చెప్పేది. ఆవిడ ఆ మాట చెప్పని పొద్దున కోడలికి టీ రుచించేది కాదు. కాజా కుట్టడం, కొమ్మ అంటుకట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకుంది. మొదటిది బాగానే వచ్చింది. రెండోది పదింటికి మూడు బతికేవి. "మూడు బతికాయంటే నీ చేతికి మూడు వేళ్లు వచ్చినట్టే. తొందరేం లేదు, మిగతావీ వస్తాయి," అనేది అత్తగారు.

ఒక వానాకాలం ఎర్ర లిల్లీల మధ్య తెల్లది పూసింది. ఎవరూ తేలేదు, ఎవరూ నాటలేదు. తెల్లటి రేకులు, ప్రతి రేకు అంచునా ఎర్రదారంతో సన్నగా మడిచి కుట్టినట్టు ఒక గీత. అప్పటికి పెద్ద టైలరు కళ్లు బాగానే ఉన్నాయి. ఎన్నడూ పెరట్లోకి రాని మనిషి వచ్చి, వంగి, కళ్లజోడు సర్దుకుని రేకు రేకూ చూశాడు.

"కుట్టు కనపడకుండా అంచు కుట్టావే! నాకిన్నేళ్లలో చేతకాలేదు," అన్నాడు పెళ్లాంతో.

ఆయన నోట మెప్పు రావడం అదే మొదలు, అదే చివర. ఆవిడ ఆ రోజంతా ఏదో ఒక వంకతో పెరట్లోనే ఉండిపోయింది.

ఆ లిల్లీ ఏడాదిలో పది రోజులు పూసేది. తర్వాత ఆకులు ఎండి, దుంప మట్టికింద పడుకునేది. మిగతా కాలమంతా అక్కడొకటి ఉందని కూడా తెలిసేది కాదు. అత్తగారు మంచాన పడ్డప్పుడు అది పడుకున్న కాలమే. కోడల్ని దగ్గరికి పిలిచి, "ఈ ఇల్లు ఎప్పటికైనా వదలాల్సిందే. మిగతావి పోతే పోనీ. ఆ తెల్లదాన్ని మాత్రం వదిలి వెళ్లకు. దానికి ఇంకెక్కడా చుట్టాల్లేరు," అంది.

"నాకు తెలుసు కదత్తయ్యా అదెక్కడుందో. మీరు పడుకోండి."

తెలుసనే అనుకుంది. అత్తగారు పోయిన మూడు నెలలకు ఇంటివాళ్లు ఇల్లు అమ్మేశారు. మూటలు కట్టే హడావిడిలో కోడలు మల్లెపాదు పక్కన తవ్వి దుంపలు తీసుకుంది. మట్టిలో రెండు ఎర్ర గుండీలు దొరికితే, చొక్కాల్లోంచి ఊడిపడ్డాయనుకుని డబ్బాలో వేసుకుంది. కొత్త ఇంటికొచ్చాక వాన పడింది, దుంపలు మొలిచాయి, ఎర్రగా పూశాయి. పరుగెత్తుకుంటూ పాత ఇంటికి వెళ్తే గేటుకి తాళం. లోపల గడ్డి నడుమెత్తున ఉంది. కొన్నవాళ్లు ఇంకా దిగలేదు. రెండో ఏడూ అదే తాళం, అదే గడ్డి.

ఇక కోటు సంగతి.

పెద్ద టైలరు దగ్గర ఒక పద్ధతుండేది. పాత ఖాతాదారు ప్రతి ఒక్కరికీ ఖాకీ కాగితంతో కొలత కాగితం కత్తిరించి, గోడకున్న మేకుకు తగిలించేవాడు. మనిషి రాకపోయినా ఆ కాగితం పెట్టి బట్ట కత్తిరించొచ్చు. ఇల్లు మారినప్పుడు మేకూ కాగితాలూ కలిసే వచ్చాయి. కొడుకు, అంటే చిన్న టైలరు, ఇప్పుడు కొట్టు చూస్తున్నాడు. నిరుడు ఒక సర్కస్ కంపెనీ మేనేజరు వచ్చి, "మా జోకరు కోటు మీ నాన్నగారే కుట్టేవారు. కొలతలు ఆయన దగ్గరున్నాయి," అని చెప్పి వెళ్లాడు. చిన్న టైలరు మేకు మీది కాగితాలన్నీ వెతికాడు. అట్టడుగున ఒకటి కనిపించింది. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. మెడ ఉండాల్సిన చోట కాకుండా పక్కకి ఉంది. ఒకటే చెయ్యి. ఒళ్లంతా చిన్న చిన్న చిల్లులు. జోకరుది కాక ఇంకెవరిదవుతుంది?

తండ్రి చేతికిస్తే తడిమి చూసి, "ఇది నా కత్తెర కాదురా," అన్నాడు.

"మీ వయసులో మీ కత్తెర మీకే గుర్తుండదులే నాన్నా," అని కొడుకు మందపాటి నీలం బట్ట తీసి కత్తిరించాడు. అతను చెయ్యి తిరిగిన పనివాడే. కాకపోతే గీత ఎటు పోతే కత్తెర అటే పోవాలంటాడు, ఎందుకు పోయిందని అడగడు. చిల్లి ఉన్న ప్రతిచోటా గుండీ కుట్టాడు. వీపు మీద నాలుగు, చంకలో ఒకటి. ఒక చిల్లి చుట్టూ రెండు సున్నాలు గీసి ఉంటే అక్కడ పెద్ద ఓవర్‌కోటు గుండీ పెట్టాడు.

మేనేజరు వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా వాడు జోకరే గాని పిచ్చివాడు కాదయ్యా," అని వెళ్లిపోయాడు.

"చంకలో గుండీ పెట్టుకునే మహారాజు ఎక్కడైనా దొరికితే వాడికమ్మురా," అని పెద్ద టైలరు మూడు రోజులు నవ్వాడు. కోటును కుట్టు మిషను మీద దుమ్ము పడకుండా కప్పారు. కోడలు రోజూ పొద్దున తీసి మడతపెట్టేది, సాయంత్రం కప్పేది.

ఈ ఏడు వానలకు ఇంకా నెల ఉందనగా పాత ఇల్లు కొన్న నర్సు ఫోన్ చేసింది. అంతకు ముందెప్పుడో కోడలు గేటుకు చీటీ కట్టి వచ్చింది, అందులో ఫోన్ నంబరు ఉంది.

"ఇంట్లో దిగామండి. మా అమ్మది చక్రాల కుర్చీ. పెరట్లో మట్టికి చక్రాలు దిగబడుతున్నాయి. రేపు సిమెంటు వేయిస్తున్నాం. మొక్కలేవో కావాలని రాశారు కదా, పొద్దున్నే రండి. మధ్యాహ్నానికి మేస్త్రీ మొదలుపెడతాడు."

మర్నాడు తెల్లారగానే కోడలు, మొగుడు స్కూటరు మీద బొరిగె, సంచీ పెట్టుకుని వెళ్లారు. గేటు తీశారు. మేస్త్రీ పని చక్కగా చేశాడు. గడ్డి లేదు, మల్లెపాదు లేదు, నందివర్ధనాలు లేవు. నేలంతా గొరిగిన గుండులా ఉంది. ఆనవాలుకు ఒక్క మోడైనా మిగల్లేదు.

"ఎక్కడ తవ్వమంటావు?" అన్నాడు మొగుడు.

"ఇక్కడే ఎక్కడో..."

ఇక్కడా, అక్కడా తొమ్మిది గోతులు తవ్వారు. వానపాములు దొరికాయి, పాత తాళంచెవి ఒకటి దొరికింది. మేస్త్రీ ఇసుక జల్లిస్తూ చూస్తున్నాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గాని, పెరడు తవ్వి వానపామును పట్టడం ఇదే చూడ్డం అక్కా," అన్నాడు.

"నువ్వు నీ ఇసుక చూసుకో తమ్ముడూ."

నర్సు టీ ఇచ్చి, డాబా మీద నీడగా ఉంటుంది కాసేపు కూర్చోమంది. కోడలు గ్లాసు పట్టుకుని పైకెక్కి, పిట్టగోడ మీదుగా కిందికి చూసింది. ఇన్నేళ్లూ ఆ పెరట్లో తిరిగిందే గాని పైనుంచి ఎప్పుడూ చూడలేదు, అప్పట్లో ఆ ఇంటికి మెట్లుండేవి కావు, ఇవి కొన్నవాళ్లు కట్టించినవి. మొక్కలు పోయాక నేల ఆకారం ఒక్కటే మిగిలింది. ఒక గోడ పైకి, ఒక గోడ కిందికి. నీళ్లతొట్టి వంపు. చాచిన చెయ్యిలా సందు.

ఆమె గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసింది.

"ఏవండీ! మేస్త్రీ టేపు తీసుకుని ఈ పొడవు గోడ కొలవండి!"

"ఎందుకే?"

"కొలవండి ముందు!"

గోడ సరిగ్గా నలభై అడుగులు. "మరి మన మిషను మీది కోటు వెన్ను ఎంత పొడవు?" అంది మెట్లు దిగుతూ. కత్తిరించిన కొలత ఏ టైలరూ మరిచిపోడు. "నలభై అంగుళాలు," అని, చిన్న టైలరు గోడను ఈ చివర నుంచి ఆ చివరి దాకా మళ్లీ చూశాడు. అడుగుకో అంగుళం. అమ్మ తోటకు కొలత కాగితం కత్తిరించుకుంది. పడుకున్న దుంపలను కలుపుతీసే బొరిగె పొడవకుండా, ఎక్కడేది ఉందో అక్కడ చిల్లి పెట్టుకుంది. ఖాతాదార్ల కాగితాలతో పాటు అదే మేకుకు తగిలించుకుంది. తను దాంతో జోకరుకు కోటు కుట్టాడు.

"కాగితం ఏదండీ?"

"ఆ మర్నాడే పారేశాను. కోటుంది కదా!" అని అతను స్కూటరు తీశాడు.

అరగంటకు తిరిగొచ్చాడు. వెనక సీటు మీద పెద్ద టైలరు, ఒళ్లో కోటు మూట. "మిషను ముసుగు ఎందుకు లాక్కుపోతున్నావురా అని అడిగాను. చెప్పాడు. నేనూ వస్తానన్నాను," అన్నాడాయన దిగుతూ. "అమ్మాయ్, తెల్లది మనింట్లో కుండీలో ఉంది కదా? మళ్లీ ఇక్కడ వెతకడమేమిటి?"

మొగుడు నేల చూపులు చూశాడు. కోడలు చేతి మట్టి కొంగుకు తుడుచుకుంది.

"లేదు మామయ్యా. నేను తెచ్చినవి ఎర్రవి. అత్తయ్యకు మాటిచ్చి తప్పు దుంపలు తవ్వుకొచ్చాను. మీకు చెప్పలేక..."

"రెండేళ్లు?"

"రెండేళ్లు."

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. వరండాలో చక్రాల కుర్చీలో నర్సు తల్లి, ఇసుక దగ్గర మేస్త్రీ, అందరూ చూస్తున్నారు.

"మీ అత్త కూడా అబద్ధాలాడేది," అన్నాడు చివరికి. "కాని ఏ పూటవి ఆ పూటే ఒప్పేసుకునేది. రెండేళ్లు దాచుకునే ఓపిక దానికి లేదు. సరే, పరవండి దాన్ని."

కోటును నేల మీద పరిచారు, వెన్ను పొడవు గోడ వెంట తిన్నగా వచ్చేలా. కాగితం మీద రెండు సున్నాలు గీసి ఉన్నది తెల్లదే అయ్యుండాలి. అక్కడి పెద్ద గుండీ కుడి గోడ వైపు పడింది. కోటు అంచు నుంచి తొమ్మిది అంగుళాలంటే గోడ నుంచి తొమ్మిది అడుగులు. టేపు పెట్టి కొలిచి తవ్వారు. ఏమీ లేదు. ఇంకా లోతుకు తవ్వారు. రాళ్లు తగిలాయి.

మేస్త్రీ సిమెంటు బస్తా మూతి విప్పాడు. "అక్కా, ఎండెక్కుతోంది," అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా.

కోడలు మట్టిచేతులతో అలాగే కూర్చుంది. అత్తగారి కొలత తప్పదు. పోనీ ఆకారమన్నా సరిగ్గా ఉందా అని మళ్లీ చూస్తే, సందు గేటు వైపు ఎడమకు పోతోంది, కోటు చెయ్యి కుడికి పోతోంది.

"చెయ్యి అటు ఉందేమిటి?" అంది. "మామయ్యా, చెయ్యి తారుమారైంది!"

పెద్ద టైలరు కర్ర పక్కన పెట్టి నేల మీద కూలబడి, కోటును రెండు చేతులతో తడిమాడు. గుండీలు చేతికి తగిలాయి. కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, సుద్దగీత బట్టకు ఏ వైపు గీస్తావురా?" అన్నాడు.

"లోపలివైపు."

"మరి పైవైపు పరిచావేం?"

ఒక్క మాటకు ముగ్గురూ కదిలారు. కాగితం పెట్టింది లోపలివైపు, గీసింది లోపలివైపు. కోటు తిరగేస్తేనే కాగితం ఎలా ఉందో అలా ఉంటుంది. ఏ ఖాతాదారుకూ ఈ తేడా తెలియనక్కర్లేదు, టైలర్లు మరిచిపోవడమే సిగ్గు. తిరగేసి పరిచారు. చెయ్యి సందు పోయే వైపుకే పోయింది. మెడ నీళ్లతొట్టి వంపున్న వైపుకు వచ్చి కూర్చుంది. లోపలివైపు గుండీల దారపు ముళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పెద్ద ముడి ఎడమ గోడ వైపు పడింది.

పెద్దాయన కోటు అంచు వెంట వేలు నడిపాడు. వంపు దగ్గర ఆగాడు. "ఇక్కడ కత్తెర ఆపి ఆపి నడిపింది. నీళ్లతొట్టి దగ్గర కొలవడానికి మళ్లీ మళ్లీ వెళ్లొచ్చుంటుంది. నువ్వు ఆ సన్నటి ఒంకర్లు కూడా వదలకుండా కత్తిరించావురా?"

"కాగితం ఎలా ఉంటే అలాగే కత్తిరించాను నాన్నా."

"బుర్ర వాడరా అని జీవితమంతా తిట్టాను. ఇవాళొక్కరోజు వాడకపోవడమే మంచిదైంది."

కోడలు ఎడమ గోడ నుంచి తొమ్మిది అడుగులు కొలిచి, బొరిగె పక్కన పడేసి, చేతులతోనే మట్టి తీసింది. జానెడు లోతులో వేలికి నున్నగా ఏదో తగిలింది. తుడిచి చూస్తే తెల్ల గుండీ. దాని పక్కన ఇంకొకటి. మట్టి తీస్తుంటే గుండ్రంగా ఒక వరస బయటపడింది, పన్నెండో పదమూడో, నాలుగు కన్నాల చొక్కా గుండీలు. కాగితం చీకిపోతుంది, పుల్ల పుచ్చిపోతుంది, గుండీ ఎన్నాళ్లున్నా గుండీయే. రంగు రంగుకూ ఆ రంగు గుండీలు. ఎర్రవాటి దగ్గర దొరికిన రెండు ఎర్ర గుండీలను తను ఏమనుకుందో గుర్తొచ్చి కోడలు సిగ్గుపడింది. చదువు రాని మనిషి మట్టిలో రాసి పెట్టింది. చదువుకున్న తను దాన్ని ఏరి డబ్బాలో వేసుకుంది.

ఎర్రవాటి మధ్య పూసినదాన్ని అత్తగారు చివరి ఏడు పూత అయ్యాక విడదీసి ఇక్కడికి మార్చుకుంది. గుండీల వరస మధ్య దుంపలు. ఒకటి కాదు, పిల్లలతో పిల్లల పిల్లలతో గుత్తులు గుత్తులుగా, లెక్కపెడితే ముప్ఫై పైన.

"దొరికాయా?" అన్నాడు పెద్దాయన. కోడలు ఒక దుంపనూ ఒక గుండీనీ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దుంపను వదిలేసి, గుండీ కన్నాలు గోటితో లెక్కపెట్టాడు.

"నా కొట్లో గుండీలు తగ్గుతున్నాయని పనివాళ్లను అనుమానించాను," అన్నాడు. "దొంగ ఇంట్లోనే ఉంది."

నర్సు తల్లి కుర్చీలోంచి ముందుకు వంగి, "అమ్మాయ్, అవన్నీ నీకే కావాలా?" అంది.

కోడలు సంచీ పక్కన పెట్టి, ఒక గుత్తిని విడదీసి చేతిలోకి తీసుకుంది. "మేస్త్రీ తమ్ముడూ, అమ్మగారి కుర్చీ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక జేబు వదలగలవా?"

"జేబేంటక్కా?"

"రెండడుగులు అటు, రెండడుగులు ఇటు. సిమెంటు లేకుండా."

మేస్త్రీ నర్సు వైపు చూశాడు. నర్సు తల్లి వైపు చూసింది. "వదలవయ్యా, అడిగింది జేబే కదా," అంది తల్లి.

ఇంటికొచ్చాక కోటు మళ్లీ మిషనెక్కలేదు. మేకుకు తగిలించారు, ఖాతాదార్ల కాగితాలన్నిటికంటే పైన. మిషను మీద ఇప్పుడు పాత దుప్పటి కప్పుతున్నారు.

నెల తిరిగాక వాన పడింది. మట్టి వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. పెద్ద టైలరు మంచం మీద లేచి కూర్చున్నాడు గాని ఏమీ అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని కాబోలు. నాలుగు రోజులు అలాగే అడక్కుండా గడిపాడు. ఐదో రోజు పొద్దున కోడలు కుండీ ఎత్తుకొచ్చి, ఆయన ఎదురుగా స్టూలు మీద పెట్టి, వెనక తన నల్ల శాలువా పట్టుకుని నిలబడింది.

"ఇవాళ మూడు, రెండు రేపటికి," అంది.

ఆయన కళ్లు చికిలించి చూశాడు. నలుపు మీద తెలుపు. చెయ్యి చాపి ఒక రేకు పట్టుకుని, బొటనవేలితో అంచు వెంట ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపాడు. మళ్లీ వెనక్కి నడిపాడు.

"ఇప్పటికీ కుట్టు తగలట్లేదే," అన్నాడు. ఆ మాట కోడలితో కాదు.